మళ్లీ మళ్లీ వాపు, కారణం తెలియదంటున్నారు: యాంటీహిస్టమిన్ రోజూ వేసుకోవాలా, వచ్చినప్పుడేనా?

వానచినుకు

అందరికీ నమస్తే. కొన్ని నెలలుగా ఉన్నట్టుండి వాపులు వస్తున్నాయి. ఒకసారి పై పెదవి, ఇంకోసారి ఒక కంటి రెప్ప, మొన్న అరచెయ్యి. రాత్రి మామూలుగానే పడుకుంటాను, పొద్దున అద్దంలో చూసుకుంటే పెదవి ఇంతలావు. దద్దుర్లు ఎప్పుడూ రాలేదు. దురద కూడా లేదు, చర్మం బిగుసుకుపోయినట్టు, కాస్త మంటగా ఉంటుంది. ఒక రోజులో, మహా అయితే రోజున్నరలో పూర్తిగా తగ్గిపోతుంది, గుర్తు కూడా మిగలదు. అపాయింట్‌మెంట్ దొరికి వెళ్లేసరికి డాక్టరుకి చూపించడానికి ఏమీ ఉండదు!

రక్త పరీక్షలు చేశారు, ఎలర్జీ ప్యానెల్ కూడా. అన్నీ నార్మల్. "కారణం తెలియని యాంజియోఎడీమా" అని రాసి, సెట్రిజిన్ (యాంటీహిస్టమిన్, అంటే ఎలర్జీ మాత్ర) 10 మి.గ్రా. రోజూ ఒకటి వేసుకుని నెల తర్వాత రమ్మన్నారు. నా సందేహమల్లా ఒకటే. వాపు లేని రోజున మాత్ర ఎందుకు? వచ్చినప్పుడు వేసుకుంటే చాలదా? రోజూ వేసుకుంటే ఒంటికి అలవాటైపోయి, తీరా అవసరమైనప్పుడు పనిచెయ్యదేమోనని భయం. వాడినవాళ్లు చెప్పండి.

నైట్‌షిఫ్ట్

నాదీ దాదాపు ఇదే, కాకపోతే నాకు దద్దుర్లు కూడా వస్తాయి. మొదట్లో నేనూ వచ్చినప్పుడే వేసుకునేవాణ్ని. పెదవి ఉబ్బాక మాత్ర మింగితే మర్నాటికి తగ్గేది. అది మాత్ర వల్ల తగ్గిందా, దానంతట అదే తగ్గిందా అంటే చెప్పలేను, ఎందుకంటే మాత్ర లేకపోయినా మర్నాటికి తగ్గేదే కదా. రోజూ వేసుకోవడం మొదలుపెట్టాక అసలు రావడమే బాగా తగ్గింది.

ఫార్మసీ బాబాయ్

వానచినుకు అమ్మా, మంచి ప్రశ్న. కౌంటర్ దగ్గర రోజూ వినేదే.

చర్మంలో, పెదవుల్లో, నాలుకలో మాస్ట్ కణాలని ఉంటాయి. అవి రెచ్చిపోతే హిస్టమిన్ బయటకొస్తుంది. ఆ హిస్టమిన్ సన్నటి రక్తనాళాల మీదున్న హెచ్1 గ్రాహకాలకు అతుక్కుంటే నాళాల గోడలు వదులై నీరు చుట్టుపక్కలకి కారిపోతుంది. చర్మం పైపొరలో కారితే దద్దురు, లోపలి పొరల్లో కారితే నీకొచ్చే వాపు. యాంటీహిస్టమిన్ చేసే పని హిస్టమిన్‌ని చంపడం కాదు. హిస్టమిన్ కన్నా ముందే వెళ్లి ఆ గ్రాహకం దగ్గర కూర్చోవడం. జనం ఎక్కకముందే బస్సు సీటులో కర్చీఫ్ వేసినట్టు. నీరు కారిపోయాక మాత్ర వేస్తే, ఇంకా కారబోయేది ఆపుతుందేమో గానీ కారినదాన్ని వెనక్కి లాగదు. అది ఒంట్లో మెల్లగా ఇంకాల్సిందే.

అలవాటు పడటం గురించి: ఈ మందులు నెలల తరబడి రోజూ వాడినా వాపును ఆపే గుణం తగ్గదు. తగ్గేది ఒక్కటే, మగత. మొదటి వారం కాస్త తూగినట్టున్నా చాలామందికి తర్వాత సర్దుకుంటుంది.

సందేహాలరావు

అందరూ మాత్రల గురించే మాట్లాడుతున్నారు. మూలం వెతకరా? నిప్పు లేనిదే పొగ రాదు. ఏదో తిండి పడటం లేదు. ఒక్కొక్కటీ మానేసుకుంటూ పోతే అదే దొరుకుతుంది. ఎలర్జీ ప్యానెల్స్ నేను నమ్మను.

వానచినుకు

రావు గారూ, అది కూడా చేశాను. ఒక్కొక్కటీ మానేస్తూ పోతే చివరికి తినడానికి ఏమీ మిగల్లేదు, వాపు మాత్రం అలాగే వచ్చింది. బరువు తగ్గాను, అదొక్కటే లాభం.

చర్మవైద్యుడు

రావు గారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే క్లినిక్‌లో సగం సమయం దీనికే పోతుంది. తిండి ఎలర్జీకి ఒక పద్ధతి ఉంటుంది. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు వస్తుంది, దాదాపు అదే పదార్థానికి ప్రతిసారీ వస్తుంది. మాంసం తిన్న మూడు నుంచి ఆరు గంటలకు వచ్చే అరుదైన రకం ఒకటుంది, దానికి కూడా ఆ లెక్క కనబడుతుంది. ఏ లెక్కా లేకుండా, నిద్రలో, ఒకసారి పెదవికి, ఒకసారి చేతికి వచ్చి పోయే వాపుకి తిండి కారణం కావడం చాలా తక్కువ. పెద్ద పెద్ద ఎలర్జీ ప్యానెల్స్ మీద నాకూ రావు గారంత అనుమానమే. వాటిలో పాజిటివ్ వచ్చినా అదే కారణమని అర్థం కాదు, నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని అర్థం కాదు.

"కారణం తెలియదు" అని రాస్తే డాక్టరుకి ఏమీ తెలియలేదని చాలామంది అనుకుంటారు. అసలు అర్థం బయటి నుంచి రెచ్చగొట్టేది ఏదీ దొరకలేదని. చాలామందిలో సొంత ఒంట్లోని యాంటీబాడీలే మాస్ట్ కణాలను రెచ్చగొడతాయి. అందుకే ఇలాంటి వాళ్లలో థైరాయిడ్ యాంటీబాడీలు కూడా మిగతావాళ్ల కన్నా ఎక్కువగా కనబడతాయి. ఇది దీర్ఘకాలిక దద్దుర్ల జబ్బుకి తోబుట్టువు. ఆ జబ్బున్న వాళ్లలో సుమారు పదిమందికి ఒకరికి దద్దుర్లు లేకుండా వాపు మాత్రమే వస్తుంది.

అయితే దద్దుర్లు లేని వాపు కాబట్టి, మాత్రల మీద చర్చకు ముందు వానచినుకు గారికి నాలుగు ప్రశ్నలు. బీపీ మాత్రలు వాడుతున్నారా? నొప్పి మాత్రలు? ఇంట్లో రక్తసంబంధీకులు ఎవరికైనా ఇలా వచ్చేదా? మధ్యమధ్య కారణం లేని తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు వస్తుంటాయా?

వానచినుకు

బీపీ లేదు డాక్టర్ గారూ. ఇంట్లో ఎవరికీ లేదు. కడుపునొప్పి కూడా లేదు. తలనొప్పికి ఐబుప్రోఫెన్ అప్పుడప్పుడు వేసుకుంటాను. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

చర్మవైద్యుడు

ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటివి జబ్బుని పుట్టించకపోయినా, ఉన్న జబ్బుని ఎగదోస్తాయి. దీర్ఘకాలిక దద్దుర్లు ఉన్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఇలా జరుగుతుంది. కొన్నాళ్లు వాటిని పక్కనపెట్టి, తలనొప్పికి పారాసెటమాల్ చాలేమో మీ డాక్టరుని అడగండి. వాపు వచ్చిన ప్రతిసారీ ఫోటో తీసి, ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్ని గంటలకు తగ్గింది, అంతకు ముందు ఏ మాత్ర వేసుకున్నారో రాసుకోండి. ఆ కాగితం ఎలర్జీ ప్యానెల్ కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇంకొకటి. మీ పరీక్షల్లో సీ4 (రక్తంలోని ఒక ప్రోటీన్, వంశపారంపర్య వాపుల్లో తగ్గుతుంది) అనేది ఉందా? లేకపోతే చేయించమని అడగండి.

మూడోతరం

సీ4 మాట వచ్చింది కాబట్టి నేను రాయాల్సిందే. మా అమ్మమ్మకి, అమ్మకి, నాకు వాపులు. మాకు ఉన్నది వంశపారంపర్య యాంజియోఎడీమా. మా వాపు రోజున్నరలో పోయేది కాదు. మెల్లగా ఒక రోజంతా పెరుగుతుంది, రెండు మూడు రోజులు ఉంటుంది, ఒక్కోసారి ఐదు రోజులు. ఒక్క దద్దురు కూడా ఉండదు, దురద ఉండదు. పేగుల గోడలు వాచినప్పుడు వచ్చే నొప్పి పగవాడికి కూడా వద్దు. అపెండిక్స్ అనుకుని నన్ను ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్లారు.

ఈ జబ్బు సంగతి కొత్తదేం కాదు. 1882లో క్వింకే అనే జర్మన్ వైద్యుడు ఈ రకం వాపుల గురించి రాశాడు. 1888లో విలియం ఆస్లర్ ఒకే కుటుంబంలో తరతరాలుగా రావడం గమనించి రాశాడు. సీ1 ఇన్హిబిటర్ అనే ప్రోటీన్ లోపమే కారణమని తేలింది మాత్రం 1963లో. ఇంత చరిత్ర ఉన్నా నాకు ఏళ్ల తరబడి సెట్రిజిన్, ఆపైన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. దేనికీ వాపు లొంగలేదు. లొంగదు కూడా, ఎందుకంటే మా వాపులో హిస్టమిన్ లేనే లేదు. అది బ్రాడీకైనిన్ పని, అంటే రక్తనాళాలను వదులు చేసే ఇంకో పదార్థం.

కాబట్టి నా మాట ఒకటే. సరిపడా డోసులో, రోజూ, కొన్ని వారాలు వేసుకున్నా వాపుల్లో ఏ మార్పూ లేకపోతే, "మందు పనిచెయ్యలేదు" అని బాధపడి ఊరుకోకండి. అది కూడా ఒక జవాబే. సీ4 తర్వాత సీ1 ఇన్హిబిటర్ ఎంత ఉంది, ఎంత పనిచేస్తోంది అని రెండూ చూస్తారు. కొందరిలో ప్రోటీన్ మోతాదు సరిగ్గానే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు.

నైట్‌షిఫ్ట్

మూడోతరం అక్కా, ఇంట్లో ఎవరికీ లేకపోతే ఈ జబ్బు కాదని అనుకోవచ్చా?

మూడోతరం

అనుకోకూడదు తమ్ముడూ. సుమారు నాలుగో వంతు కేసుల్లో కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఉండదు, జన్యువులో మార్పు వాళ్లతోనే మొదలవుతుంది. జబ్బు అరుదైనదే, దాదాపు 50,000 మందిలో ఒకరికి. అందుకే ఎవరికీ ముందు గుర్తు రాదు.

అల్లుడుగారు

ఈ చర్చ చదువుతుంటే టెన్షన్ పట్టుకుంది, అందుకే సభ్యుడిగా చేరాను. మా అత్తగారు బీపీకి రామిప్రిల్ కొన్నేళ్లుగా వాడుతున్నారు. ఈమధ్య నాలుక ఒక పక్క వాచింది. మాట తడబడింది, కొన్ని గంటల్లో తగ్గింది. ఎలర్జీ మాత్ర ఇచ్చాం, తగ్గింది కదా అని ఊరుకున్నాం. నిన్న మళ్లీ పెదవి వాచింది. డాక్టర్ గారు పైన బీపీ మాత్రల గురించి ఎందుకడిగారు?

చర్మవైద్యుడు

అల్లుడుగారూ, మిగతా చర్చ తర్వాత చదవండి. ముందు ఈ రోజే, ఇప్పుడే ఆ మందు రాసిన డాక్టరుకి ఫోన్ చేసి "రామిప్రిల్ వాడుతున్నారు, నాలుక వాచింది" అని ఈ రెండు మాటలూ కలిపి చెప్పండి. తర్వాతి డోసు వేసే ముందే మాట్లాడండి. మళ్లీ నాలుక, గొంతు వాచినా, గొంతు మారినా, మింగలేక చొంగ కారుతున్నా, ఊపిరి అందకపోయినా ఫోన్లు వద్దు, నేరుగా ఎమర్జెన్సీకే.

ఎందుకడిగానంటే, రామిప్రిల్, ఎనాలప్రిల్, లిసినోప్రిల్ ఒకే జాతి. ఇవి ఆపే ఎంజైమే ఒంట్లో బ్రాడీకైనిన్‌ని విరగ్గొట్టేది. దాన్ని ఆపితే బ్రాడీకైనిన్ పేరుకుంటుంది. వాడేవాళ్లలో వెయ్యికి ఒకరి నుంచి ఏడుగురి దాకా వాపు రావచ్చు. "ఇన్నేళ్లుగా పడింది కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు, ఏళ్ల తర్వాత కూడా మొదలవుతుంది. యాంటీహిస్టమిన్ దీనికి పనిచెయ్యదు. మీ అత్తగారికి తగ్గింది దానంతట అది తగ్గడమే. ఇదే జాతిలో ఇంకో మాత్రకు మారినా లాభం లేదు.

అల్లుడుగారు

వెంటనే మాట్లాడాం. రామిప్రిల్ ఆపేసి వేరే జాతి మాత్ర ఇచ్చారు, టెల్మిసార్టాన్. ఆవిడ షుగర్‌కి వాడే విల్డాగ్లిప్టిన్ గురించి కూడా అడిగారు, అదెందుకో అర్థం కాలేదు. ఇప్పుడు వాపు లేదు. ఇక రానట్టేనా?

ఫార్మసీ బాబాయ్

గ్లిప్టిన్లు ఆపే ఎంజైము కూడా ఇలాంటి పదార్థాలను విరగ్గొట్టడంలో ఒక చెయ్యి వేస్తుంది. రామిప్రిల్ జాతితో కలిస్తే వాపు అవకాశం పెరుగుతుంది, అందుకే అడిగుంటారు. మందు ఆపాక కూడా కొన్ని వారాల పాటు అడపాదడపా వాపు రావచ్చు బాబూ. వస్తే కొత్త మాత్ర మీద నింద వేసి మీ అంతట మీరు ఆపేయకండి. డాక్టరుకి చెప్పండి. ఆవిడ ఏ ఆస్పత్రికి వెళ్లినా కనబడేలా మందుల చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, ఈ జాతి పడదని.

నిర్వాహకుడు

అల్లుడుగారి పోస్టు వల్ల ఒక మాట పైన పిన్ చేస్తున్నాం. నాలుక, గొంతు వాపు, గొంతు బొంగురుపోవడం, ఊపిరి ఇబ్బంది, స్పృహ తప్పేలా ఉండటం: వీటిలో ఏది ఉన్నా ఇక్కడ ప్రశ్న రాసి జవాబు కోసం ఆగొద్దు. ఎలర్జీ షాక్‌లో ప్రాణం కాపాడేది తొడ కండలోకి ఇచ్చే అడ్రినలిన్. యాంటీహిస్టమిన్ మాత్ర దానికి బదులు కాదు.

వానచినుకు

కొన్ని వారాలైంది, ఏమైందో చెప్దామని వచ్చాను. సీ4 చేశారు, నార్మల్. సెట్రిజిన్ రోజూ వేసుకుంటున్నాను. వాపులు పూర్తిగా ఆగలేదు గానీ ఇదివరకు వారానికొకటి అనిపించేది, ఇప్పుడు ఎప్పుడో ఒకటి, అదీ సగం సైజు. ఐబుప్రోఫెన్ మానేశాను. ఈసారి వెళ్తే డాక్టరు గారు రోజుకి రెండు చేశారు, అవసరమైతే నాలుగు దాకా వెళ్తామన్నారు. మాత్రల పెట్టె మీద రోజుకి ఒకటే అని రాసుంది. నాలుగంటే గుండె ఆగినంత పనైంది.

సందేహాలరావు

నాలుగా! లివర్ ఏమైపోవాలి?

ఫార్మసీ బాబాయ్

రావు గారూ, లివర్‌కి ఇక్కడ పెద్ద పని లేదు. సెట్రిజిన్ ఎక్కువ భాగం మారకుండానే కిడ్నీల ద్వారా పోతుంది. ఫెక్సోఫెనాడిన్‌ని లివర్ దాదాపు ముట్టుకోనే ముట్టుకోదు. సెట్రిజిన్‌కి చూడాల్సింది కిడ్నీ. అది సరిగ్గా లేనివాళ్లకి నాలుగు మాట అటుంచి, ఒకటి కూడా తగ్గించాల్సి రావచ్చు.

పెట్టె మీద ఒకటని రాసుండటం నిజమే. దీర్ఘకాలిక దద్దుర్లు, వాపులకి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో మాత్రం మామూలు డోసు రెండు నుంచి నాలుగు వారాలు చూసి, చాలకపోతే అదే మందుని నాలుగింతల దాకా పెంచొచ్చని ఉంది. ఈ వెసులుబాటు రెండో తరం వాటికే: సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లొరాటిడిన్, ఫెక్సోఫెనాడిన్, బిలాస్టిన్ వగైరా. పెంచడం డాక్టరు చూసి చెయ్యాల్సిన పని, మన అంతట మనం కాదు. పాత తరం క్లోర్‌ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్ లాంటివి ఇలా పెంచకూడదు. అవి మెదడులోకి వెళ్లి మత్తెక్కిస్తాయి.

ఇంకో చిన్న మాట, చాలామందికి ఎవరూ చెప్పరు. ఫెక్సోఫెనాడిన్‌ని పండ్ల రసంతో మింగితే ఒంటికి పట్టేది బాగా తగ్గుతుంది, నీళ్లతోనే వేసుకోవాలి. బిలాస్టిన్ అయితే తినడానికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో.

నైట్‌షిఫ్ట్

రాత్రి బండి నడిపేవాణ్ని కాబట్టి నా అనుభవం రాస్తున్నా. సెట్రిజిన్ రెండు చేసేసరికి స్టీరింగ్ ముందు ఆవులింతలు. డాక్టరుకి చెప్తే ఫెక్సోఫెనాడిన్ 180కి మార్చారు, ఆ బాధ పోయింది. కొన్ని ఎలర్జీ మాత్రలతో నిద్ర రాకపోయినా చేతివేగం తగ్గుతుందట, అది మనకే తెలియదట. డ్రైవింగ్ చేసేవాళ్లు ఈ విషయం సిగ్గుపడకుండా అడగండి.

ఇంకో ప్రశ్న. నాకు ఒకసారి పెదవులు బాగా ఉబ్బితే ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు, పూట తిరిగేసరికి మాయం. అంత బాగా పనిచేసేదాన్ని వదిలి ఈ మాత్రలు ఎందుకు మరి?

చర్మవైద్యుడు

బాగా పనిచేస్తుంది, గొడవంతా అదే. ఆపగానే వాపు మళ్లీ వస్తుంది, మళ్లీ అదే అడుగుతారు. నెలలు గడిచేసరికి షుగర్, బీపీ, బరువు, ఎముకలు, కంటిలో శుక్లం అన్నీ వరసగా తలుపు తడతాయి. మరీ తీవ్రంగా ఉన్నప్పుడు కొద్ది రోజులు, పది రోజులు దాటకుండా ఇస్తాం. రోజువారీ మందుగా ఇవ్వం. ఎవరైనా నెలల తరబడి ఇస్తుంటే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి, మొహమాటం వద్దు.

నాలుగింతల డోసుకి కూడా లొంగకపోతే ఇంకా దారి ఉంది. ఒమాలిజుమాబ్ అని నాలుగు వారాలకొకసారి 300 మి.గ్రా. చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. దీర్ఘకాలిక దద్దుర్లకు దానికి 2014లో అనుమతి వచ్చింది. దద్దుర్లు లేకుండా వాపు మాత్రమే ఉన్నవాళ్లకి కూడా నిపుణులు వాడుతున్నారు. దానికి కూడా లొంగకపోతే, అసలు ఇది హిస్టమిన్ వాపేనా అని మళ్లీ మొదటి పేజీకి వెళ్లాలి.

వానచినుకు

రెండు మాత్రలతో కుదుటపడ్డాను. మగత కూడా తక్కువే. ఇంకా ఎన్నాళ్లు వేసుకోవాలి? ఒక్కసారిగా ఆపేయొచ్చా?

చర్మవైద్యుడు

ఈ జబ్బు చాలామందిలో దానంతట అదే వెళ్లిపోతుంది, కానీ ఏడాదికా, ఐదేళ్లకా ముందే చెప్పలేం. వాపు లేకుండా కొన్ని నెలలు గడిచాక మెట్లు దిగినట్టు తగ్గిస్తాం: రెండు నుంచి ఒకటి, తర్వాత రోజు విడిచి రోజు. మధ్యలో వాపు వస్తే ఒక మెట్టు వెనక్కి.

సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కొద్దిమందికి ఒళ్లంతా విపరీతమైన దురద రావచ్చని 2025లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అరుదే. అలా వస్తే జబ్బు తిరగబెట్టిందని బెదిరిపోకుండా డాక్టరుకి చెప్పాలి, మళ్లీ మొదలుపెట్టి మెల్లగా తగ్గిస్తే చాలావరకు పోతుంది.

మూడోతరం

వానచినుకు గారూ, సంతోషం. ఒక్క విషయం గుర్తుంచుకోండి. సీ4 నార్మల్ వచ్చినా, మందు పనిచేస్తున్నంత కాలం సరే. రేపు ఎప్పుడైనా వాపు తీరు మారి, రోజుల తరబడి ఉండటం మొదలైతే, సరిగ్గా వాపు ఉన్నప్పుడే మళ్లీ చేయించండి.

సందేహాలరావు

ఇన్ని చెప్పారు కాబట్టి నాదీ ఒకటి. నాకు కనురెప్పలు వాస్తున్నాయి, ఎర్రగా, విపరీతమైన దురద, నాలుగైదు రోజులు ఉండి పొట్టు రాలుతుంది. తలకి రంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకే వస్తోంది. ఎలర్జీ మాత్ర వేసుకున్నా తగ్గట్లేదు. నాది కూడా వంశపారంపర్యమా?

చర్మవైద్యుడు

కాదు రావు గారూ. యాంజియోఎడీమాలో పొట్టు రాలదు. మీరు చెప్పేది జుట్టు రంగుకి వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్‌లా ఉంది. దీనికి హిస్టమిన్‌తో పెద్దగా సంబంధం లేదు, అందుకే మాత్ర తగ్గించట్లేదు. రంగు ఆపి, చర్మ డాక్టరుకి చూపించి ప్యాచ్ పరీక్ష అడగండి. వీపు మీద పట్టీలు అంటించి రెండు రోజులకు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఇంకోసారి చూస్తారు. ఇక్కడ మాత్రం మూలం వెతికితే దొరుకుతుంది.

సందేహాలరావు

నేను మొదట్నుంచీ అదే కదా అంటున్నాను!